దయ్యాల మేడల్లో పరిశోధకులు: నూట నలభై ఏళ్ల లెక్క

1937 మే నెలలో లండన్ 'టైమ్స్' పత్రికలో ఒక చిత్రమైన ప్రకటన పడింది. తీరిక, తెలివి, గుండెధైర్యం ఉన్నవాళ్లు కావాలి. ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసినవాళ్లు మాత్రం వద్దు. పని ఏమిటంటే, ఏడాది పొడుగునా ఒక ఇంట్లో వంతులవారీగా రాత్రీ పగలూ కాపలా కూర్చోవడం. ప్రకటన వేయించినవాడు దయ్యాల పరిశోధకుడు హ్యారీ ప్రైస్. ఇల్లు ఎసెక్స్‌లోని బోర్లీ రెక్టరీ. ఆ ఊరి చర్చి గురువు కుటుంబం కోసం 1860ల్లో కట్టిన ఎర్ర ఇటుకల బంగళా అది. ప్రైస్ దాన్ని ఏడాదికి అద్దెకు తీసుకుని, ముందుకొచ్చినవాళ్లలోంచి 48 మందిని ఏరుకుని, వాళ్ల చేతిలో నీలం అట్ట పుస్తకం ఒకటి పెట్టాడు. ఎక్కడ కూర్చోవాలో, ఏమేం రాసుకోవాలో అందులో ఉంది. ఆ ఇంట్లో ఎలాంటి వింతలు ఎదురుకావచ్చో కూడా ఉంది.

చరిత్ర ఉన్న కట్టడాల్లో దయ్యాలను వెతికే పనికున్న బలమూ బలహీనతా రెండూ ఆ పుస్తకంలోనే కనిపిస్తాయి. గడియారం, థర్మామీటరు, నోటుబుక్కు పట్టుకుని ఒక భయాన్ని పరీక్షించాలనుకోవడం బలం. పరీక్ష రాసేవాడికి జవాబు ముందే చెప్పి కూర్చోబెట్టడం బలహీనత.

అప్పటికే యాభై ఏళ్లకు పైగా సాగుతున్న పని ఇది. తత్వవేత్తలు వచ్చారు, వాస్తుశిల్పులు వచ్చారు. ఆత్మలతో మాట్లాడతామనే మీడియంలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు వచ్చారు, తర్వాతి కాలంలో టీవీ బృందాలూ వచ్చాయి. వీళ్లందరికీ కలిపి దొరికిందేమిటి? చనిపోయినవాళ్లు గోడల మధ్య తిరుగుతున్నారని తేల్చే ఆధారం ఒక్కటీ దొరకలేదు. అలాగని వట్టి చేతులతోనూ రాలేదు. పాత కట్టడం మనిషి ఒంటి మీద, మనసు మీద ఎలా పనిచేస్తుందో, ఒక కథ ఒక గదికి ఎలా అంటుకుంటుందో చెప్పే సమాచారం బోలెడంత పోగైంది. అందులో చాలా భాగం దయ్యాన్ని పట్టుకుందామని బయల్దేరినవాళ్ల చలవే.

పదిమందిలో ఒకరు

దయ్యాల ముచ్చట్ల కోసం లండన్‌లో 'ఘోస్ట్ క్లబ్' 1862లోనే పుట్టింది. గట్టిగా పరిశోధన మొదలైంది మాత్రం 1882లో, 'సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్' ఏర్పడ్డాక. దాని మొదటి అధ్యక్షుడు కేంబ్రిడ్జి తత్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్. విశ్వాసులు, సంశయవాదులు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం ఆ సంఘం ప్రత్యేకత.

వాళ్లు చేసిన మంచి పని జనాన్ని అడగడం. మెలకువగా ఉన్నప్పుడు, బయటి కారణమేదీ లేకుండా, మీకెప్పుడైనా ఎవరో కనిపించినట్టు, వినిపించినట్టు, తాకినట్టు అనిపించిందా? ఈ ప్రశ్నను దాదాపు 17,000 మందిని అడిగి 1894లో నివేదిక అచ్చువేశారు. సుమారు పదిమందిలో ఒకరు అవునన్నారు. పిచ్చివాళ్లకో తాగుబోతులకో మాత్రమే ఇలాంటివి కనిపిస్తాయన్న మాట ఆ లెక్కతో చెల్లకుండా పోయింది. మామూలు మనుషులకు, మామూలు రోజున, ఒకసారి ఇలా జరగవచ్చు. అలాంటి మనిషి అప్పుడు కూర్చుని ఉన్నది కొత్త డాబాలో అయితే ఏదో భ్రమ అనుకుని మరచిపోతాడు. నాలుగు వందల ఏళ్ల కోటలో అయితే అక్కడ చనిపోయిన రాణి పేరు గుర్తొస్తుంది.

సంఘం తొలినాళ్ల సోదాల్లో ఒకటి మన పొరుగునే, మద్రాసు అడయారులో జరిగింది. మేడమ్ బ్లావట్‌స్కీ నడిపిన దివ్యజ్ఞాన సమాజం కేంద్రంలో, ఆమె పడకగదిని ఆనుకున్న గదిలో, గోడకు ఒక చెక్క మందిరం ఉండేది. అందులో 'మహాత్ములు' అనే సిద్ధపురుషుల ఉత్తరాలు వాటంతట అవే ప్రత్యక్షమవుతాయని చెప్పేవారు.  1884 చివర్లో సైకికల్ రీసెర్చ్ సంఘం తన సభ్యుడు రిచర్డ్ హాడ్జ్‌సన్‌ను అక్కడికి పంపింది. అతను వచ్చేసరికే మందిరం ధ్వంసమైపోయింది. అతను మూడు నెలల పాటు గోడలు కొలిచాడు, సాక్షులను విడివిడిగా ప్రశ్నించాడు, చేతిరాతలు పోల్చాడు. మందిరం వెనక పలక జరిగేదని, గోడలో పడకగది వైపు సందు ఉండేదని, ఇదంతా మోసమని 1885 నివేదికలో తేల్చాడు. సమాజం దాన్ని ఒప్పుకోలేదు. నూరేళ్ల తర్వాత, 1986లో, హాడ్జ్‌సన్ ఏకపక్షంగా వ్యవహరించాడన్న విమర్శ అదే సంఘం పత్రికలో అచ్చయింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, పద్ధతి మాత్రం నిలబడింది: ముందు వడ్రంగి పని చూడు, తర్వాతే ఆత్మల సంగతి.

బోర్లీలో ఏం జరిగింది

ఈ రంగంలో బోర్లీ అంత పేరు మరే ఇంటికీ రాలేదు. 1929లో 'డైలీ మిర్రర్' పత్రిక విలేఖరిని పంపి కథనాలు వేసింది. ప్రైస్ ఆ ఇంట్లో మొదట అడుగుపెట్టింది ఆ పత్రిక పిలుపు మీదే. తోటలో నడిచే సన్యాసిని, ఎవరూ మోగించకుండా మోగే గంటలు, గోడల మీద పెన్సిలు రాతలు, ఎగిరొచ్చే రాళ్లు ఇలా పట్టిక పెరుగుతూ పోయింది. సన్యాసిని కథకు మూలం అక్కడ ఒకప్పుడు మఠం ఉండేదన్న నమ్మకం. వెతికితే అలాంటి మఠం ఉన్నట్టు చారిత్రక ఆధారమేదీ దొరకలేదు. కథ మాత్రం చెక్కుచెదరలేదు.

1937-38లో కాపలా కూర్చున్నవాళ్లలో చాలామందికి చెప్పుకోదగ్గదేమీ ఎదురుకాలేదు. ఆ ఏడాదే ప్లాంషెట్ బల్ల మీద ఆత్మలను పిలిచే కూటములూ జరిగాయి. ఒక కూటమిలో 1667లో హత్యకు గురైన ఫ్రెంచి సన్యాసిని పేరు వచ్చింది. 1938 మార్చిలో మరో ఆత్మ, ఆ రాత్రే ఇల్లు తగలబడుతుందని చెప్పింది. ఆ రాత్రి ఏమీ కాలేదు. పదకొండు నెలల తర్వాత, 1939 ఫిబ్రవరి 27న, కొత్త యజమాని చేతిలో ఉండగా ఇల్లు కాలింది. జోస్యం ఫలించిందన్నవాళ్లు ఆ పదకొండు నెలలను లెక్కలోంచి తీసేశారు. అగ్నిప్రమాదం సహజంగా జరిగింది కాదని బీమా కంపెనీ తేల్చింది.

ప్రైస్ 1940లో 'ఇంగ్లండ్‌లో అత్యధికంగా దయ్యాలు పట్టిన ఇల్లు' అన్న అర్థం వచ్చే పేరుతో పుస్తకం వేశాడు, 1946లో మరొకటి. 1944లో శిథిలాలు కూలగొడుతుండగా తీసిన ఫోటోలో ఒక ఇటుక గాల్లో తేలుతున్నట్టు కనిపిస్తుంది. కూలీలు పడేస్తున్న ఇటుకల్లో అదొకటని తర్వాత వివరణ వచ్చింది. ప్రైస్ 1948లో చనిపోయాడు. 1956లో సైకికల్ రీసెర్చ్ సంఘానికే చెందిన ముగ్గురు, ఎరిక్ డింగ్‌వాల్, కాథ్లీన్ గోల్డ్‌నీ, ట్రెవర్ హాల్, అతని కాగితాలన్నీ తిరగేసి నిర్దాక్షిణ్యమైన సమీక్ష వెలువరించారు. ఎలుకలు, గాలి, పాత పైపులు, ఇంట్లోవాళ్ల చిలిపి చేష్టలు, కొన్నిచోట్ల ప్రైస్ సొంత కల్పన కూడా కారణం కావచ్చన్నారు. ఆ సమీక్ష మరీ కటువుగా ఉందన్న వాదనా ఉంది. ఏదైనా, ఈ రంగంలో గట్టి పోస్టుమార్టం చేసింది బయటి నాస్తికులు కాదు, లోపలివాళ్లే.

ప్రైస్‌ను వట్టి మోసగాడిగా కొట్టిపారేయడం సరికాదు. దొంగ మీడియంలను అతను స్వయంగా పట్టించాడు. 1936లో కెంట్‌లోని ఒక పాత ఇంటి నుంచి బీబీసీ రేడియోలో దయ్యాల వేట ప్రత్యక్ష ప్రసారం చేయించింది అతనే. అతని సరంజామా పెట్టెలో కెమెరా, దారం, పొడి, థర్మామీటరు ఉండేవి. ఈనాటి యూట్యూబు బృందాల బ్యాగులో ఉన్నవాటికి అవే తాతలు.

ఆత్మలు చెప్పిన చరిత్ర

యంత్రాలకంటే మనిషి అతీంద్రియ శక్తే మంచి సాధనమని నమ్మినవాళ్లది ఇంకో దారి. అందులో అందరికంటే ఆసక్తికరమైన వ్యక్తి వాస్తుశిల్పి ఫ్రెడరిక్ బ్లై బాండ్. ఇంగ్లండులోని గ్లాస్టన్‌బరీ మఠం శిథిలాల తవ్వకాలు 1908లో అతని చేతికొచ్చాయి. కనుమరుగైన ఎడ్గర్ ప్రార్థనామందిరం పునాదులు బయటపడ్డాయి. పదేళ్ల తర్వాత, 1918లో, బాండ్ ఒక పుస్తకంలో అసలు సంగతి బయటపెట్టాడు: ఎక్కడ తవ్వాలో చెప్పింది మధ్యయుగపు సన్యాసుల ఆత్మలట! మిత్రుడొకడు కాగితం మీద పెన్సిలు ఆనించి కూర్చుంటే చేయి దానంతట అదే రాసేదట. మఠం యజమానులైన చర్చి పెద్దలు కంగుతిన్నారు. కొన్నేళ్లలోనే బాండ్‌ను ఆ పనిలోంచి తప్పించారు.

బాండ్‌ను అబద్ధికుడనడానికి లేదు. అయితే మధ్యయుగపు చర్చి నిర్మాణం అతనికి కరతలామలకం. ఆ మఠం గురించిన పాత రికార్డులూ చదివినవాడే. అలాంటి మనిషి అంతర్మనసు సరైన చోటే చూపిస్తే, ఆ గొప్ప ఆత్మదా, చదువుదా?

పారిస్ దగ్గరి వెర్సాయ్‌లో 1901 ఆగస్టు 10న జరిగినదీ ఇదే కోవది. ఆక్స్‌ఫర్డ్ సెయింట్ హ్యూస్ కళాశాలకు చెందిన షార్లెట్ ఆన్ మోబర్లీ, ఎలినర్ జోర్డెయిన్ పెటిట్ ట్రియానాన్ తోటల్లో నడుస్తుండగా పాతకాలపు దుస్తుల మనుషులు కనిపించారు. ఫ్రెంచి విప్లవానికి ముందటి రోజుల్లోకి, మరీ ఆంటోనెట్ రాణి కాలంలోకి వెళ్లామని వాళ్లు గట్టిగా నమ్మారు. ఏళ్ల తరబడి పాత దస్తావేజులు వెతికి 1911లో మారుపేర్లతో పుస్తకం వేశారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, నిజాయితీపరులే. కానీ తమ అనుభవాన్ని వెంటనే రాసుకోలేదు. కొన్ని నెలల తర్వాత, మాట్లాడుకున్నాక రాశారు. చదివే కొద్దీ వివరాలు పెరిగాయి. సైకికల్ రీసెర్చ్ సంఘం ఆ పుస్తకాన్ని పెదవి విరుస్తూనే సమీక్షించింది.

అమెరికాలో ఈ దారిని జనంలోకి తెచ్చినవాడు హన్స్ హోల్జర్. 1765లో కట్టిన న్యూయార్క్ మోరిస్-జుమెల్ భవనం 1776లో జార్జి వాషింగ్టన్‌కు సైనిక స్థావరంగా ఉపయోగపడింది. 1964లో బడిపిల్లలు అక్కడి బాల్కనీలో ఒకావిడ కనిపించి గొడవ చేయొద్దందని చెప్పారు. హోల్జర్ ఒక మీడియంను వెంటబెట్టుకు వెళ్లి ఆత్మలను పిలిచే కూటమి పెట్టాడు. ఇలాంటి కూటముల్లో వచ్చే పేర్లు, కథలు ఆ భవనం గైడు చెప్పేవాటితో కలిస్తే రుజువైనట్టు, కలవకపోతే చరిత్రకు తెలియని రహస్యం బయటపడ్డట్టు! ఎటు పడినా మీడియం ఓడిపోని ఆట అది.

ఈ ఆటకు నియమాలు పెట్టింది న్యూయార్క్ సిటీ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ష్మైడ్లర్. 1966లో ఆమె ఒక పద్ధతి అచ్చువేసింది. ఇంట్లో వింతలు ఎక్కడెక్కడ ఎదురయ్యాయో ఇంటివాళ్లు నక్షా మీద గుర్తు పెట్టాలి. ఏమీ తెలియని మీడియంలు ఒక్కొక్కరుగా ఇల్లంతా తిరిగి తమ గుర్తులు తాము పెట్టాలి. తర్వాత రెండు నక్షాలనూ గణాంకాలతో పోల్చాలి. మీడియంలలో కొద్దిమంది గుర్తులే ఇంటివాళ్లవాటితో యాదృచ్ఛికానికి మించి కలిశాయి. ఆ తర్వాతి ప్రయోగాల్లో అతీంద్రియ శక్తుల మీద నమ్మకం లేనివాళ్లనూ అదే ఇంట్లో తిప్పి పోల్చారు. దయ్యం ఉందా లేదా అన్న వాదన పక్కన పెట్టి, 'ఈ మూలే ఎందుకు?' అని అడగడం ఇక్కడితో మొదలైంది.

కాళ్లు కనిపించని సైనికులు

సాక్ష్యాల్లో విశ్వాసులు అందరికంటే ముందు చూపేది యార్క్ నగరంలోని ట్రెజరర్స్ హౌస్. 1953లో హ్యారీ మార్టిండేల్ అనే కుర్రవాడు నేలమాళిగలో పైపుల పని చేస్తుండగా గోడలోంచి రోమన్ సైనికులు వరసగా నడిచి వచ్చారట. మోకాళ్ల నుంచి పైభాగమే కనిపించింది. నేలను తవ్వి పాత రోమన్ రోడ్డును బయటపెట్టిన చోటుకి వచ్చాక పాదాలూ కనిపించాయట. మార్టిండేల్ తర్వాత పోలీసు ఉద్యోగం చేశాడు, చెప్పిన కథ చివరిదాకా మార్చలేదు.

కథ విన్న ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. లెక్క చూస్తే రెండు చిక్కులున్నాయి. పాత రోడ్డు లోతున ఉందన్న సంగతి అదే గదిలో తవ్వి ఉన్న చోట కళ్లెదుటే ఉంది. కథ లోకానికి తెలిసింది 1970ల్లో, అంటే దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. సైనికుల డాళ్లు, దుస్తుల వివరాలు చరిత్రతో ఎంత కలిశాయన్న చర్చంతా ఆ తర్వాతిదే. మార్టిండేల్ అబద్ధమాడాడని అనాల్సిన పనిలేదు. జ్ఞాపకానికి తేదీ వేసిన కాగితం లేదు, అంతే.

పాత రాళ్లు జరిగినదాన్ని టేపులా నమోదు చేసుకుని మళ్లీ వినిపిస్తాయన్న సిద్ధాంతం ఇలాంటి కథలకు తోడు తెచ్చుకుంటారు. 1972 క్రిస్మస్ నాడు బీబీసీ ప్రసారం చేసిన 'ది స్టోన్ టేప్' నాటకం ఆ ఊహకు పేరు పెట్టింది. రాయి దృశ్యాన్ని ఎలా దాచుకుంటుందో, ఎలా బయటపెడుతుందో చెప్పే భౌతిక సూత్రమేదీ లేదు. టీవీ నాటకంలోంచి వచ్చిన మాట ఇప్పుడు పరిశోధకుల నోట శాస్త్రీయ పదంగా చలామణి అవుతోంది.

ప్రయోగశాల కోటలోకి వచ్చింది

అసలు మలుపు ఇంగ్లండులోని ఒక మామూలు ప్రయోగశాలలో వచ్చింది. వైద్య పరికరాలు తయారుచేసే ఆ చోట ఇంజినీరు విక్ టాండీకి ఒంటరిగా పనిచేస్తున్న రాత్రి ఒళ్లు చల్లబడింది. కంటికొసన బూడిదరంగు ఆకారం కదిలింది, తల తిప్పితే మాయమైంది. మర్నాడు కత్తిసాము పోటీ కోసం బాగుచేద్దామని పట్టకారులో బిగించిన కత్తి దానంతట అదే కంపించసాగింది. దయ్యం అనుకోకుండా అతను శబ్దాన్ని కొలిచాడు. కొత్తగా బిగించిన ఫ్యాను చెవికి వినపడని ధ్వనిని, సెకనుకు సుమారు 19 కంపనాలతో, పుట్టిస్తోంది. ఫ్యాను సరిచేశాక అంతా సద్దుమణిగింది. 1998లో ఆ పరిశీలన అచ్చయింది, అదీ సైకికల్ రీసెర్చ్ సంఘం పత్రికలోనే. తర్వాత అతను కోవెంట్రీలో దయ్యం ఉందని పేరుపడ్డ పద్నాలుగో శతాబ్దపు నేలమాళిగలోనూ అలాంటి మంద్రధ్వనినే కనిపెట్టాడు.

మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం ఏకంగా రాజప్రాసాదంలోకి వెళ్లింది. ఎనిమిదో హెన్రీ ఐదో భార్య క్యాథరిన్ హోవర్డ్‌కు 1542లో తల తీశారు. ఆమె ఆక్రందనలు హ్యాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లోని ఒక వసారాలో వినిపిస్తాయని ప్రతీతి. వందలాది సందర్శకుల చేతికి నక్షాలిచ్చి, ఎక్కడ ఏం అనిపించిందో గుర్తు పెట్టమన్నారు. తర్వాత ఎడిన్‌బరో సౌత్ బ్రిడ్జి కింది రాతి గదుల్లోనూ ఇదే చేశారు. 1788లో తెరిచిన ఆ వంతెన కమానుల కింద మొదట సరుకు నిల్వ చేసేవారు, తర్వాత నిరుపేదలు కాపురం పెట్టారు. ఆ గదులు ఇప్పుడు దయ్యాల యాత్రలకు ప్రసిద్ధి.

2003లో అచ్చయిన ఫలితాలు ఇరుపక్షాలనూ ఇరుకున పెట్టాయి. దయ్యాలున్నాయని పేరుపడ్డ చోట్లే ఎక్కువమందికి ఏదో అనిపించింది, ఆ పేరు ముందు తెలియనివాళ్లకు కూడా. అంటే అంతా కల్పన అని తోసెయ్యడానికి లేదు. అయితే ఆ అనుభవాలు గది ఎత్తు, బయటి వెలుతురు, అయస్కాంత క్షేత్రంలో హెచ్చుతగ్గులు లాంటివాటితో ముడిపడి ఉన్నాయి. హ్యాంప్టన్ కోర్ట్‌లో పాత తలుపుల సందుల్లోంచి దూరే చల్లగాలి కూడా పాత్రధారే. చీకటి నుంచి వెలుతురులోకి, ఇరుకు నుంచి విశాలంలోకి మారే చోట మనిషి ఒళ్లు అప్రమత్తమవుతుంది. అలాంటి చోటికే తరాలుగా కథలు వచ్చి చేరాయి.

టాండీ ఫలితాన్ని పట్టుకుని, అన్నిటికీ మంద్రధ్వనే కారణమని సంబరపడ్డవాళ్లకు క్రిస్ ఫ్రెంచ్ బృందం చన్నీళ్లు చల్లింది. లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాల వాళ్లు ఒక గదిని ప్రత్యేకంగా తయారుచేసి 79 మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టారు. కొందరికి మంద్రధ్వని, కొందరికి విద్యుదయస్కాంత క్షేత్రం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. వింత అనుభూతులు కలగవచ్చని అందరికీ ముందే చెప్పారు. చాలామందికి తల తిరిగినట్టయింది, కొందరికి పక్కన ఎవరో ఉన్నట్టనిపించింది, కొద్దిమంది హడలిపోయారు. కానీ ధ్వని ఉందా, క్షేత్రం ఉందా అన్నదానితో ఆ అనుభవాలకు సంబంధం కనపడలేదు. 2009లో అచ్చయిన ఆ వ్యాసం మొగ్గింది సూచన బలం వైపు: ఏదో జరగవచ్చని చెప్పడమే చాలు.

అన్నీ మనసు పనే అనుకోవడమూ ప్రమాదమే. 1921లో ఒక అమెరికన్ నేత్రవైద్య పత్రికలో వచ్చిన ఉదంతంలో, పాత ఇంట్లోకి మారిన కుటుంబానికి అడుగుల చప్పుళ్లు, అజ్ఞాత వ్యక్తులు, గుండె దడ మొదలయ్యాయి. కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి. చివరికి పాడైన కొలిమి నుంచి కార్బన్ మోనాక్సైడు ఇంట్లోకి వస్తోందని తేలింది. తాయెత్తు కట్టుకుని అక్కడే ఉండిపోతే ప్రాణాలు పోయేవి.

టీవీ వచ్చాక

2002లో బ్రిటన్‌లో 'మోస్ట్ హాంటెడ్', 2004లో అమెరికాలో ఇద్దరు ప్లంబర్ల నాయకత్వంలో 'ఘోస్ట్ హంటర్స్' మొదలయ్యాక దయ్యాల వేటకు ఒక మూస తయారైంది. రాత్రి, ఆకుపచ్చ కెమెరా, చప్పుడు, కేక. బ్రిటిష్ కార్యక్రమంలో మీడియం డెరెక్ అకోరా. పరామనోవిజ్ఞానవేత్తగా పనిచేసినవాడు కియరన్ ఓకీఫ్. అకోరాకు సమాచారం ముందే అందుతోందన్న అనుమానంతో ఓకీఫ్ ఒక ఉచ్చు పన్నాడు. కార్న్‌వాల్‌లోని బాడ్మిన్ పాత జైలుకు 'క్రీడ్ కాఫర్' అనే లేని జైలరును సృష్టించి, ఆ పేరు అకోరా చెవిన పడేలా చూశాడు. చిత్రీకరణలో అకోరాను ఆ 'క్రీడ్ కాఫర్' పూనాడు! ఆ పేరులోని ఇంగ్లిషు అక్షరాలు తారుమారు చేస్తే 'డెరెక్ మోసగాడు' అన్న అర్థం వస్తుంది. 2005లో ఓకీఫ్ ఈ సంగతి పత్రికకు చెప్పాడు. ఫిర్యాదులు విన్న ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, ఇది వినోద కార్యక్రమమే కాబట్టి నియమాల ఉల్లంఘన లేదంది. వినోదమని ముద్రపడ్డాక పరిశోధన అన్న మాటకు పూచీ పడేవాళ్లెవరూ మిగల్లేదు.

వాడే సాధనాలదీ అదే కథ. విద్యుదయస్కాంత మీటరు తీగల లోపాలు కనుక్కునే పరికరం. జేబులో మొబైలు మోగబోయినా దాని దీపాలు వెలుగుతాయి. ఫోటోల్లో తేలే తెల్లటి గోళాలు ఫ్లాషు వెలుతురు పడ్డ దుమ్ము కణాలు, పురుగులు, తేమ బొట్లు. రికార్డరులో 'ఆత్మల గొంతులు' వినే అలవాటును 1960ల్లో లాత్వియా మనిషి కాన్‌స్టాంటిన్ రౌడివే ప్రచారం చేశాడు. గరగరలోంచి మాటలు ఏరుకోవడం మెదడుకు పుట్టుకతో వచ్చిన విద్య. ఏం వినాలో తెర మీద అక్షరాల్లో వేస్తే అందరికీ అదే వినిపిస్తుంది. బల్ల మీద చేతులు పెడితే బల్ల కదలడం కూడా కొత్త వింత కాదు. తమకు తెలియకుండానే చేతులే దాన్ని తోస్తున్నాయని మైకేల్ ఫారడే 1853లోనే ప్రయోగం చేసి చూపించాడు.

ఈ వ్యాపారానికి బలైపోతున్నది చరిత్ర. అమెరికా లూసియానాలోని మిర్టిల్స్ తోట బంగళాలో అనేక హత్యలు జరిగాయని, క్లోయి అనే బానిస యువతి ఆత్మ తిరుగుతోందని యాత్రికులకు చెబుతారు. రికార్డుల్లో దొరికే హత్య 1871లో జరిగిన ఒక్కటే. క్లోయి అనే మనిషి ఉన్నట్టే ఆధారం లేదు. చరిత్రకారిణి టియా మైల్స్ 2015లో అమెరికా దక్షిణాది దయ్యాల యాత్రల మీద రాసిన పుస్తకం వేలెత్తి చూపింది దీన్నే. నిజంగా అక్కడ బతికి, చాకిరీ చేసి చచ్చిపోయిన బానిసల పేర్లు ఎవరికీ పట్టవు. కల్పించిన బానిస దయ్యానికి మాత్రం టికెట్టు అమ్ముడవుతుంది.

సూర్యాస్తమయం తర్వాత మన కోటలు

మన దేశంలో ఈ చర్చ ఎప్పుడూ రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ దగ్గర మొదలవుతుంది. పదహారో శతాబ్దంలో రాజా భగవంత్ దాస్ కాలంలో కట్టిన ఊరు, కోట. రాకుమారిని మోహించిన మాంత్రికుడి శాపం ఒక కథ, కోట నీడ తన మీద పడిందని కోపించిన సాధువు శాపం ఇంకో కథ. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ప్రవేశం నిషిద్ధమని భారత పురావస్తు శాఖ పెట్టిన బోర్డును జనం దయ్యాలకు ప్రభుత్వ ముద్రగా చూపిస్తారు. నిజానికి 1959 నాటి పురావస్తు నిబంధనల ప్రకారం, ప్రత్యేకంగా వేరే వేళలు పెట్టని రక్షిత కట్టడాలన్నీ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటాయి. పక్కనే సరిస్కా పులుల అభయారణ్యం. రాత్రిపూట అక్కడ తిరగకూడదనడానికి దయ్యం అక్కర్లేదు.

2009లో గౌరవ్ తివారీ ఢిల్లీ కేంద్రంగా ఇండియన్ పారానార్మల్ సొసైటీ పెట్టాక మీటర్లు, కెమెరాల వేట ఇక్కడా మొదలైంది. తెలుగులో ఈ సరదా మీద సినిమాలూ వచ్చాయి. 2015 నాటి 'రాజు గారి గది' కథే పాడుబడ్డ మహలులో టీవీ రియాలిటీ షో. తెలుగు యూట్యూబులో అర్ధరాత్రి బంగళాల వీడియోలకు కొదవలేదు. వాటిలో కనపడనివి రెండే: కట్టడం నక్షా, ఆ ఊరి రికార్డు.

పరీక్షకు పనికొచ్చే కట్టడాలు మనకు లేకపోలేదు. గోల్కొండలో బాలాహిస్సారు ప్రవేశద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బారాదరిలో వినిపిస్తుంది. కాపలాదారులకు సంకేతంగా దాన్ని అలా కట్టారని గైడు చెబుతాడు కాబట్టి మనం మెచ్చుకుంటాం. ఆ సంగతి తెలియని మనిషి చీకట్లో పైన ఒంటరిగా కూర్చుని, కనుచూపు మేరలో ఎవరూ లేకుండా ఆ చప్పుడు వింటే ఏమనుకుంటాడు? బీజాపూర్ గోల్ గుంబజ్ గ్యాలరీలో గుసగుస అవతలి వైపు స్పష్టంగా వినబడటమూ అలాంటిదే. ధ్వనితో ఆడుకోవడం తెలిసిన దక్కను వాస్తుశిల్పులు తమ వారసులకు కావలసినన్ని 'ఆత్మల గొంతులు' వదిలిపోయారు.

ఇప్పటికీ తేలని ప్రశ్న ఒకటుంది. దయ్యాల చోటన్న పేరు తెలియనివాళ్లకు కూడా అవే గదుల్లో ఏదో అనిపించడానికి కారణం వెలుతురా, గాలా, గది కొలతలా, లేక సాటి సందర్శకుల ముఖాల్లో చదువుకున్న భయమా? హ్యాంప్టన్ కోర్ట్, గోల్డ్‌స్మిత్స్ ఫలితాలు ఇక్కడ పూర్తిగా ఒకదానితో ఒకటి పొసగవు. దీన్ని గోల్కొండలోనో భాన్‌గఢ్‌లోనో పరీక్షించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ష్మైడ్లర్ పద్ధతిలో కట్టడం నక్షాలు, ఆ చోటి కథలు వినని వంద మంది కొత్తవాళ్లు, ఉష్ణోగ్రతనూ ధ్వనినీ వెలుతురునూ రాత్రంతా నమోదు చేసే పరికరాలు ఉంటే చాలు. ఎవరికి ఏం అనిపించినా పక్కవాళ్లతో మాట్లాడకముందే తేదీ, సమయం వేసి కాగితం మీద పెట్టించాలి. వాళ్ల చేతిలో నీలం అట్ట పుస్తకాల్లాంటివి పెట్టకూడదు. రాత్రి పని కాబట్టి పురావస్తు శాఖ అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి.